పొయ్యి ముట్టించని పూట

చెల్లీ, దాచకుండా చెప్పు. రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఫ్రిజ్ తలుపు తీసి, అక్కడే నిలబడి పెరుగన్నం గిన్నెలో చెంచా పెట్టుకుని తినేస్తున్నావా లేదా? పక్కన ఆవకాయ సీసా మూత తీసే ఉంటుంది. నాకు తెలుసులే. డాలస్‌లో గానీ డబ్లిన్‌లో గానీ, మనవాళ్ళున్న ప్రతి ఊళ్ళో ఆ వేళకి అలా నిలబడి తినే ఆడపిల్ల ఒకతె ఉంటుంది. పెరుగన్నానికి వంక పెట్టేదాన్ని కాదు నేను. కాకపోతే పొద్దున్న ఉత్త కాఫీ, మధ్యాహ్నం మీటింగుల మధ్య ఏదో ఒక బ్రెడ్డు ముక్క, రాత్రి పెరుగన్నం... రోజూ ఇదే వరస అయితే ఒంట్లో సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుందే అనేదే నా గోల.

"వండే ఓపిక లేదక్కా" అంటావు. వండమని ఎవరన్నారు? ఒక డబ్బా చేప, ఒక డబ్బా గింజలు, ఒక ఉల్లిపాయ, ఒక నిమ్మకాయ తెచ్చుకో. పొయ్యి జోలికి వెళ్ళొద్దు. పావుగంటలో పళ్ళెం ముందుంటుంది. కూర్చుని తింటావు, అదీ ముఖ్యం.

ఇదేదో కొత్తగా పుట్టిన డైటింగు పిచ్చి అనుకునేవు సుమా. ఇటలీలో టస్కనీ అని ఒక ప్రాంతం ఉంది, ఫ్లోరెన్స్ నగరం ఉండేది అక్కడే. అక్కడివాళ్ళకి చిక్కుడు జాతి గింజలంటే ఎంత ప్రాణమంటే, మిగతా ఇటలీవాళ్ళు వాళ్ళని "మాంజాఫజోలి" అని ఆటపట్టిస్తారు. గింజలు మెక్కేవాళ్ళని. తెల్లగా, పొడుగ్గా, వెన్నలా ఉండే కానెలీనీ గింజలు, నూనెలో నిలవబెట్టిన ట్యూనా, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ, పైన ఆలివ్ నూనె, మిరియాల పొడి. ఇదే వాళ్ళ "తొన్నో ఎ ఫజోలీ". తీరిక ఉన్న ఇల్లాలు గింజల్ని సేజ్ ఆకూ వెల్లుల్లీ వేసి సన్నసెగ మీద తనే ఉడికించుకుంటుంది. తొందరగా ఉంటే గింజలూ డబ్బాలోవే. చేప మాత్రం డబ్బాదో సీసాదో అయి ఉండాలి. తాజా చేప దొరికినా దీనికి అదే వాడతారు, ఎందుకంటే నూనెలో మగ్గిన ఆ రుచి తాజా చేపకి రాదు. సిసిలీ పక్కన ఫవిన్యానా అనే దీవి ఉంది. 1874లో ఇన్యాజియో ఫ్లోరియో అనే వర్తకుడు చుట్టుపక్కల దీవులతో సహా దాన్ని కొనేసి, ట్యూనాని ఉడికించి నూనె పోసి డబ్బాల్లో పెట్టే పెద్ద కార్ఖానా నడిపాడు. ఇప్పుడది మ్యూజియం. చేపల డబ్బాని వాళ్ళు అంత గొప్పగా చూసుకుంటుంటే, మనం మాత్రం అమ్మకి వీడియో కాల్‌లో కనిపించకుండా వెనక్కి జరుపుతాం!

ఆ సిగ్గెందుకో నాకు తెలుసు. పొయ్యి వెలగకపోతే అది వంట కాదనీ, వంట చెయ్యకపోతే మనం ఏదో ఎగ్గొట్టేశామనీ మన బుర్రలో పడిపోయింది. మరి పచ్చిపులుసు సంగతేమిటి? చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి కలిపితే తెలంగాణ ఇళ్ళల్లో ఎండాకాలం పూట గడిచిపోతుంది. కొందరు మిరపకాయ కాల్చి వేస్తారు, కొందరు పోపు పెడతారు గానీ, పులుసు మాత్రం పొయ్యెక్కదు. శ్రీరామనవమి వడపప్పు నానబెట్టిన పెసరపప్పే కదా, దాన్ని ఎవరు ఉడికించారు? దోసకాయ ముక్కలు పచ్చివే కలిపే పచ్చడి సరేసరి. పులుపూ ఉప్పూ కారమూ పచ్చి ఉల్లిపాయా కలిస్తే ఏమవుతుందో మన నాలుకకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను చెప్పే పళ్ళెం కూడా ఆ కోవలోదే.

పైగా డబ్బాలో ఉన్నది పచ్చిదేం కాదు. చేపనీ గింజల్నీ డబ్బాలో పోసి మూత బిగించాక, పెద్ద పెద్ద ఆవిరి పాత్రల్లో పెట్టి ఇంచుమించు 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తారు. మన ఇంట్లో కుక్కరు బరువు పెట్టి ఆవిరి పట్టినప్పుడు లోపల ఉండే వేడీ దగ్గర దగ్గరగా అంతే. అంటే డబ్బానే కుక్కరన్నమాట, కూత మాత్రం ఫ్యాక్టరీలో అయిపోయింది. ఈ విద్య మొదట కనిపెట్టినవాడు నికొలా అపేర్ అనే ఫ్రాన్సు దేశపు మిఠాయిలు చేసే మనిషి. గాజు సీసాల్లో పెట్టి, బిరడా బిగించి, వేడినీళ్ళలో మరిగించాడు. ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చు వేసి అందరికీ చెప్పాలనే షరతు మీద 1810లో అక్కడి ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు బహుమానం ఇచ్చింది. అలా చేస్తే తిండి ఎందుకు పాడవదో ఆయనకే తెలీదు. పాశ్చర్ వచ్చి సూక్ష్మజీవుల సంగతి చెప్పడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. అదే 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకి పేటెంటు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే డబ్బా వచ్చింది గానీ దాన్ని తెరిచే పనిముట్టు రాలేదు. ఉలీ సుత్తీ పెట్టి కొట్టుకునేవాళ్ళు! అమెరికాలో ఎజ్రా వార్నర్ అనే ఆయన డబ్బా ఓపెనరుకి పేటెంటు తీసుకున్నది 1858లో. నువ్విప్పుడు రింగు పట్టుకుని ఒక్క లాగు లాగుతున్నావు, అదృష్టవంతురాలివి.

ఇక్కడే ఒక హెచ్చరిక, నవ్వుతూ చెప్పేది కాదు. "పొయ్యి అక్కర్లేదు" అన్నానని ఎండు రాజ్మా నానబెట్టేసి అలాగే కలిపేసేవు. వద్దే వద్దు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, కొద్ది గింజలు తిన్నా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో గలగలా మరిగేలా అరగంట ఉడికిస్తేనే అది పోతుంది. మెల్లగా కాగే స్లో కుక్కరు చాలదు, అందులో వేడి సరిపోదు. తెల్ల కానెలీనీ కూడా ఆ జాతిదే. డబ్బాలో గింజకి ఈ బెంగ లేదు, అది ఉడికే వచ్చింది.

సరే, చేతులు కడుక్కుని రా.

మొదట ఉల్లిపాయ. చిన్నదైతే ఒకటి, పెద్దదైతే సగం. ఎర్ర ఉల్లిపాయే తీసుకో. కాగితంలా పల్చగా చీలికలు కొయ్యి. గిన్నెలో వేసి చిటికెడు ఉప్పు చల్లి, నిమ్మకాయ మొత్తం పిండేసి, వేళ్ళతో ఒకసారి నలుపు. అలా వదిలెయ్. పది నిమిషాల్లో ఘాటు చచ్చి, గులాబీ రంగులోకి తిరిగి, నాలుక మీద తియ్యగా తగులుతుంది. చాలామంది ఉల్లిపాయ కోసి నేరుగా కలిపేసి, తర్వాత రెండు గంటల సేపు నోరు కంపు అని ఏడుస్తారు. ఈ పది నిమిషాలూ ఓపిక పట్టలేకపోతే ఈ పళ్ళెం జోలికే వెళ్ళొద్దంటాను నేను.

ఆ పది నిమిషాల్లో గింజల డబ్బా తెరువు. అమెరికాలో మామూలుగా దొరికేది 15 ఔన్సులది, ఇంచుమించు 425 గ్రాములు. నీళ్ళు వంచేస్తే పావుకిలో గింజలు మిగులుతాయి. ఇద్దరికి సరిపోతాయి. ఆ జిగురు నీళ్ళని పారబోసి, చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద బాగా కడుగు. కడిగితే అందులో ఉప్పు దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళుంటే ఇది చిన్న విషయం కాదు. నీళ్ళు పూర్తిగా ఓడ్చాకే గిన్నెలో వెయ్యి. తడి గింజకి నూనె పట్టదు.

ఇప్పుడు గింజలు ఉల్లిపాయలో కలిపి, రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, దంచిన మిరియాలు, సన్నగా చీరిన పచ్చిమిర్చి ఒకటి వేసి కలుపు. కలిపి ఊరుకో. గింజ చప్పటిది, పులుపునీ ఉప్పునీ పీల్చుకోవడానికి దానికి టైము కావాలి. చేపని ఇప్పుడే వేసేస్తే కలిపేటప్పుడు పొడి పొడి అయిపోయి ముద్దలా తయారవుతుంది. చేప ఆఖరిది. డబ్బా తెరిచి, చెంచాతో పెద్ద పెద్ద తునకలుగా విడదీసి పైన పరిచి, ఒకటి రెండుసార్లు కింది నుంచి పైకి తిప్పు, అంతే. టమాటాలూ కీర దోసకాయా వేసుకుంటానంటే అవీ ఆఖర్నే, ఎందుకంటే ఉప్పు తగలగానే నీళ్ళు వదిలేస్తాయి. పైన గుప్పెడు కొత్తిమీర. ఇటలీవాళ్ళు పార్స్లీ వేస్తారు. నాకు కొత్తిమీరే ఇష్టం, ఈ విషయంలో ఎవరి మాటా వినను.

నీకు ఇప్పుడు చెయ్యి లాగుతుంటుంది, ఆవాలూ ఎండుమిర్చీ కరివేపాకూ వేసి తిరగమోత పెడితే ఎలా ఉంటుందా అని. వద్దమ్మా. ఒకటి, అపార్టుమెంటులో పొగ అలారం మోగి పక్కింటివాళ్ళు బయటికొస్తారు, ఆ సంబడం నీకు తెలియనిదేం కాదు. రెండు, కాగిన నూనె వాసన వచ్చాక ఆలివ్ నూనె పచ్చి వగరు కనిపించకుండా పోతుంది. అసలు ఈ పళ్ళానికి ఆ వగరే అందం. అంతగా మనసాగకపోతే వేయించి దంచిన జీలకర్ర పొడి డబ్బాలో ఉంటుందిగా, అది చిటికెడు చల్లుకో.

చేప ఏది కొనాలి అంటావా? షెల్ఫు ముందు నిలబడితే కళ్ళు తిరుగుతాయి, నిజమే. నూనెలో ఉన్నవీ, నీళ్ళలో ఉన్నవీ అని రెండు రకాలు. ఈ పళ్ళానికి నూనెలోదే తీసుకో, ఆలివ్ నూనె అయితే మరీ మంచిది. ఆ నూనె పారబొయ్యకుండా గింజల్లోనే కలుపుకో, పైన పోసే నూనె తగ్గించుకోవచ్చు. నీళ్ళలోది కొన్నావంటే గట్టిగా పిండి వెయ్యి, లేకపోతే అడుగున తెల్లటి నీళ్ళు చేరతాయి. ట్యూనాలో "లైట్" అని ఉన్నది ఎక్కువగా స్కిప్‌జాక్ అనే చిన్న రకం. "వైట్" అని ఉన్నది ఆల్బకోర్, కాస్త పెద్దది. పెద్ద చేపలో పాదరసం ఎక్కువ చేరుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళూ, పాలిచ్చే తల్లులూ ఇది గుర్తుపెట్టుకోవాలి. తక్కువ పాదరసం ఉన్న చేపల్ని వారానికి 8 నుంచి 12 ఔన్సుల దాకా తినొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. లైట్ ట్యూనా ఆ జాబితాలో ఉంది. వైట్ అయితే వారానికి 4 ఔన్సులు, అంటే ఒక్క పూట, అక్కడితో సరి. చిన్నపిల్లలకి వాళ్ళ వయసుని బట్టి ఇంకా తక్కువ.

నన్నడిగితే ట్యూనా కంటే సార్డిన్ మేలంటాను. మన కవళ్ళు లేవూ, వాటి దాయాదులే. చిన్న చేప కాబట్టి పాదరసం బెంగ లేదు, ఒమేగా కొవ్వు ఎక్కువ, పైగా ఆ వేడికి ముల్లు మెత్తబడిపోయి చేపతో పాటే నమిలేస్తాం. ఆ ముల్లుతో తింటే 100 గ్రాములకి 380 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. నలభై దాటిన అక్కలు దీన్ని చెవిన వేసుకోవాలి. ఒక్క మాట, ఇంట్లో ఎవరికైనా యూరిక్ యాసిడ్ ఎక్కువై కాలి బొటనవేలు వాస్తుంటే వాళ్ళకి సార్డిన్ పెట్టకు, వాళ్ళ బాధ పెరుగుతుంది.

"చల్లటి చేపా? నీచు రాదూ?" ఇదే కదా నీ అనుమానం! వేడి పులుసు తిన్న నోటికి ఆ అనుమానం సహజం. నిమ్మకాయ అందుకే. నీచు వాసనకి కారణమయ్యే పదార్థాలు క్షార గుణం ఉన్నవి, పులుపు తగిలితే అవి గాల్లోకి లేవవు. మన చేపల పులుసులో చింతపండు చేసే పని కూడా కొంత అదే. నిమ్మ తొక్కని కాస్త తురిమి వేస్తే ఇంకా బావుంటుంది. డబ్బా ఖాళీ అయిన వెంటనే సబ్బుతో కడిగి చెత్తలో వెయ్యి, అసలు వాసన పట్టేది అదే. గదిలో శాకాహారి స్నేహితురాలుంటే ఆ పిల్ల మీద దయ చూపించు, చేప కలపక ముందే ఆమె వాటా తీసి పక్కన పెట్టు. గింజలూ ఉల్లీ నిమ్మా వరకే అయినా అది మంచి తిండే, పైన వేయించిన పల్లీలు చల్లి ఇవ్వు. ఇంకో లాభం చెప్పనా? ఆఫీసు మైక్రోవేవులో చేప వేడి చేసి పదిమంది మొహం చిట్లించేలా చెయ్యక్కర్లేదు, ఇది చల్లగానే తినేది.

ఇటలీ గింజలు దొరక్కపోతే మానేస్తావేమో, మానకు. కాబూలీ శనగలు పనికొస్తాయి. ఇంకా మంచిది, బొబ్బర్లు. అమెరికాలో వాటిని నల్లకన్ను గింజలంటారు, దక్షిణాది రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజున అదృష్టం కోసమని తింటారు. ఏ దుకాణంలోనైనా డబ్బాల్లో దొరుకుతాయి. 1940 ప్రాంతంలో టెక్సస్‌లో హెలెన్ కార్బిట్ అనే పేరున్న వంటావిడ ఇవే బొబ్బర్లని ఉల్లిపాయ, వెల్లుల్లి, వెనిగర్, నూనెలో ఊరబెట్టి వడ్డించింది. దానికి తర్వాత "టెక్సస్ కేవియర్" అని డాబు పేరు వచ్చింది. డాలస్‌లో ఉన్న చెల్లెళ్ళు ఇప్పటికే ఏదో ఒక పార్టీలో చిప్స్‌తో తినే ఉంటారు, మన బొబ్బర్లని పోల్చుకుని ఉండరు. బొబ్బర్లూ, సార్డినూ, సన్నగా తరిగిన పచ్చి మామిడికాయా, పచ్చిమిర్చీ, ఎర్ర ఉల్లీ! మామిడికాయ ఉంటే నిమ్మకాయ సగమే చాలు. ఫ్లోరెన్సువాళ్ళు చూస్తే ఏమంటారో గానీ, మా ఇంట్లో గిన్నె ఊడ్చేస్తారు.

వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉన్న చెల్లెలు ఇది చదివి డబ్బా చేప కొనడానికి పరుగెత్తకు తల్లీ. రేవులో దిగిన చేప ఇంటి ముందుకొస్తుంటే ఖరీదైన రేకు డబ్బా ఎందుకు? ముందురోజు రాత్రి వేయించిన చేప ముక్క మిగిలితే ముల్లు తీసేసి, కుక్కరులో ఉడికించిన బొబ్బర్లలో కలుపుకో. ఎండాకాలం రెండో పూటకి అది చాలు. హైదరాబాద్ హాస్టల్లో ఉండి, గదిలో పొయ్యి పెట్టనివ్వని పిల్లకైతే మాత్రం డబ్బానే దిక్కు.

బలం లెక్క కూడా చెప్పేస్తా, మీ అమ్మ "గడ్డీ గాదమూ తింటున్నావ్" అన్నప్పుడు జవాబు కావాలిగా. 5 ఔన్సుల ట్యూనా డబ్బా, ఒక డబ్బా గింజలు ఇద్దరు పంచుకుంటే మనిషికి ఇంచుమించు 20 గ్రాముల మాంసకృత్తులు. చేపలో పీచు అన్నది ఉండదు, ఆ లోటు గింజ తీరుస్తుంది. పొట్ట రాత్రంతా నిండుగా ఉంటుంది, పదకొండింటికి బిస్కెట్ల డబ్బా తెరవవు.

చేప తిన్నాక పెరుగు తింటే బొల్లి వస్తుందని పెద్దవాళ్ళంటారు. రాదు. బొల్లి అనేది మన ఒంటి రక్షణ వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల మీద తిరగబడటం వల్ల వచ్చేది, దానికీ నీ పళ్ళానికీ పొత్తు లేదు. అయినా అత్తగారి ఎదురుగా వాదనకి దిగకు, ఆవిడ వెళ్ళాక తిను.

కొనేటప్పుడు డబ్బాని చేతిలోకి తీసుకుని చూడు. ఉబ్బి ఉన్నా, అంచు దగ్గర లోతుగా సొట్ట పడినా, తుప్పు పట్టినా, తెరవగానే చివ్వున చిమ్మినా పారెయ్. "కొంచెం నాలిక్కి రాసుకుని చూద్దాం" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. బొటులిజం విషానికి రంగూ వాసనా రుచీ ఉండవు. తెరిచిన డబ్బాని అలాగే ఫ్రిజ్‌లో పెట్టక గాజు గిన్నెలోకి మార్చు. కలిపిన సలాడ్ బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండ రోజైతే గంటే. ట్యూనా లాంటి చేప వెచ్చగా ఉండిపోతే హిస్టమిన్ పుడుతుంది, మొహం ఎర్రబడి దద్దుర్లొస్తాయి. మళ్ళీ వేడి చేసినా అది పోదు. పిక్నిక్‌కి తీసుకెళ్తే ఐసు పెట్టె ఉండాల్సిందే. ఫ్రిజ్‌లో అయితే మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది, మర్నాటికి గింజ ఇంకా ఊరి బావుంటుంది కూడా.

అన్నం లేకుండా ఎలా అక్కా అంటావని తెలుసు. దీన్ని వేడన్నంలో కలుపుకుంటే మాత్రం ఏం బాగోదు, నూనె తేలి అన్నం జిడ్డోడుతుంది. గట్టి రొట్టె ముక్కని కాల్చి, వెల్లుల్లి రెబ్బ ఒకటి దాని మీద రుద్ది, అడుగున మిగిలిన పుల్లటి నూనెని దాంతో తుడుచుకుని తిను. ఆ తర్వాత కూడా ప్రాణం ఆగకపోతే, రెండు ముద్దల పెరుగన్నం పెట్టుకో. కాకపోతే ఈసారి ఆ గిన్నె తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చో.